రాజమ్మత్త సంచిలోని రెండో సీసా

ఇక్కడ నేను రాసేవన్నీ గుళ్ళు, కోనలు, మంచి టిఫిను దొరికే ఊళ్ళ గురించే. తిరుపతిలో కళ్ళజోళ్ళ అంగడి నడుపుకుంటూ, సెలవు దొరికితే చాలు సంచి భుజానికేసుకుని బయల్దేరే మనిషిని. అలాంటివాణ్ణి ఒక ప్రయోగశాల చూడటానికి తెల్లవారకముందే లేచి నాలుగు వాహనాలు మారి పోతానని కలలో కూడా అనుకోలేదు. దీనికంతా కారణం విరిగిన ఒక కళ్ళజోడు. ఏర్పేడు దగ్గరున్న ఒక పెద్ద విద్యాసంస్థలో పరిశోధన చేస్తున్న సుకన్య అనే అమ్మాయి ఫ్రేము బాగుచేయించుకోవడానికి మా అంగడికి వచ్చింది. పని అయ్యేలోపు కబుర్లలో పడ్డాం. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువుంటే పిల్లల పళ్ళు గారపడతాయని, ఏళ్ళ తరబడి అవే తాగితే ఎముకలు బిగుసుకుపోతాయని చెప్పింది. ఆ ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచే బొగ్గును మామిడి టెంకలతో చేసి చూస్తున్నారట. ఎముకలు బిగుసుకుపోతాయన్న మాట దగ్గర నా చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. మా మేనత్త గుర్తొచ్చింది.

మా రాజమ్మత్తది కాణిపాకానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఒక చిన్న పల్లె. కొడుకు, కోడలు, ఆరేళ్ళ మనవరాలితో ఉంటుంది. నా చిన్నప్పుడు ఆమె నడకను అందుకోవాలంటే మేము పరుగెత్తాల్సి వచ్చేది. ఇప్పుడు పీట మీద కూర్చోవాలంటే గోడ పట్టుకుంటుంది. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిరగదు, మనిషే మొత్తంగా తిరుగుతుంది. వయసు మీద పడిందిలే అని ఇంటిల్లిపాదీ సరిపెట్టుకున్నాం, నాతో సహా. శనివారం తమ క్యాంపస్‌లోకి జనాన్ని అనుమతిస్తారని, ఆ సాయంత్రం నాలుగింటి దాకా నీళ్ళ నమూనాలు తీసుకుంటారని సుకన్య చెప్పింది. ఫ్లోరైడ్ ఎక్కువున్న కొన్ని ఇళ్ళను ఎంచుకుని, ఆ బొగ్గుతో చేసిన ఫిల్టర్లు పెట్టి ఏడాదిపాటు గమనిస్తారు. జాబితాకు అదే ఆఖరు రోజు. అత్త నీళ్ళు నిజంగా చెడ్డవైతే ఆ జాబితాలో ఆమె పేరు ఎక్కించాలి, అంతే నా పని.

శుక్రవారం రాత్రే పల్లె చేరుకున్నాను. వెళ్ళగానే అత్త చెంబుతో నీళ్ళిచ్చింది. చల్లగా, కమ్మగా ఉన్నాయి. ఇంత మంచి నీళ్ళలో ఏముంటుందిలే, ఊరికే ఈ ముసలావిడను తిప్పుతున్నానేమో అని అప్పుడే అనిపించింది. ఆమెను వెంట తీసుకుపోవడానికి కారణం, అక్కడ ఎముకలు చూసే డాక్టరు కూడా వస్తారని సుకన్య చెప్పడమే. తెల్లారి ఐదున్నరకు నేను అరుగు మీద కూర్చుని ఇడ్లీ తింటూ, "అత్తా, ఆ అరలీటరు సీసాలో మీ బోరు నీళ్ళు పట్టి పెట్టు" అని లోపలికి కేకేశాను. ఆమె సీసాను చింతపండు వేసి తోమి, మూడు నీళ్ళు కడిగి, నింపి, మూతకు పాత చీర అంచు చుట్టి తెచ్చింది. పెళ్ళికి పంపే సారె అయినా అంత శ్రద్ధగా కట్టరు. నేను మూడో ఇడ్లీలో ఉన్నాను, లేచి చూడలేదు.

ఆరుకు ఆటోలో కాణిపాకం చేరాం, మనిషికి ఇరవై. అక్కడి నుంచి తిరుపతికి నేరుగా బస్సులున్నాయి. నాకు నూరు రూపాయల పైచిలుకు టికెట్టు, అత్తకు ఆధార్ కార్డు చూపిస్తే ఉచితం. "సూసినావా, నా మొగానికే బస్సు పోతాది" అని నన్ను వెక్కిరించింది. అది మామిడి కాయల కాలం. గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి కాయల ట్రాక్టర్లు రోడ్డు వారగా బారులు తీరి ఉన్నాయి. ఈ రోజుల్లో ఇటు వచ్చేవాళ్ళు ఒక అరగంట అదనంగా పెట్టుకోండి. మా బస్సు కూడా ఆగింది. అత్త కిటికీలోంచి మెడ తిప్పలేక, భుజాలతో సహా తిరిగి ఆ ట్రాక్టర్లను చూస్తూ ఉంది. రెండు గంటలు కావాల్సింది రెండున్నర అయింది. తిరుపతి బస్టాండులో కాఫీ తాగి, శ్రీకాళహస్తి బస్సెక్కి, రేణిగుంట మీదుగా ఏర్పేడులో దిగేసరికి పది దాటింది. రైల్లో వచ్చేవాళ్ళు రేణిగుంటలో దిగితే చాలు, తిరుపతి దాకా పోనక్కర్లేదు.

ఏర్పేడులో ఆటో అతను క్యాంపస్ లోపలి దాకా యాభై అడిగాడు. అత్త ఎక్కడానికి పడుతున్న అవస్థ చూసి, దిగి వచ్చి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఏమప్పా, ఆడ టెంకలతో ఏందో చేస్తాండారంట గదా?" అని నన్నడిగాడు.

"నీళ్ళు శుభ్రం చేసేదానికంట," అన్నాను.

"మా ఊర్లో టెంకలు పారేస్తే ఈగలు ముసురుతాయని తిడతారు. ఈడ దానికి ఇంత బిల్డింగు కట్టినారు సూడు."

"తిట్టినోళ్ళే రేపు టెంకలు యాడ దొరుకుతాయని ఎతుకుతారులే నాయనా," అంది అత్త. ఆటో అతను పెద్దగా నవ్వాడు.

క్యాంపస్ విశాలంగా, కొత్తగా ఉంది. నీడ తక్కువ, గొడుగు తెచ్చుకోండి. ఒకే వరండాలో మూడు గదులు జనం కోసం తెరిచారు. మొదటి గదిలో స్వర్ణముఖి నదిలో వేర్వేరు చోట్ల తీసిన నీళ్ళు సీసాల్లో వరసగా పెట్టి, ఊళ్ళు దాటే కొద్దీ ఏది ఎలా మారుతోందో చెబుతున్నారు. రెండో గదిలో సుకన్య ఉంది. బల్ల మీద ఒక పక్క ఎండిన మామిడి టెంకలు, మధ్యలో నల్లటి బొగ్గు, ఇంకో పక్క ఆ బొగ్గుకే ఏదో పూత పూసి ఎండబెట్టిన గింజలు. అత్త ఒక గింజను వేలితో నలిపి చూసి, మసి అంటకపోవడంతో ఆశ్చర్యపోయింది.

"ఇది బాగా పనిచేస్తాదా పాపా?"

"ల్యాబులో పనిచేస్తా ఉంది అవ్వా. ఇండ్లలో ఎన్నాళ్ళు పనిచేస్తాదో మాకింకా తెలీదు. అది తెలుసుకునేదానికే ఇండ్లు కావాల్సింది," అంది సుకన్య. ఆమెది మదనపల్లె వైపు. ఆ అమ్మాయి తెలీదన్న మాటను అంత మామూలుగా అనడం నాకు నచ్చింది. అంగట్లో నేను ఆ మాట అనడానికి సిగ్గుపడతాను.

సీసా ఆమెకిచ్చి, మూడో గదిలోకి వెళ్ళాం. అక్కడ మా వరస వచ్చేసరికి రెండు దాటింది. నడివయసు డాక్టరమ్మ ఒకరు అత్తను నిలబెట్టి గడ్డం ఛాతీకి ఆనించమన్నారు. ఆనలేదు, నాలుగు వేళ్ళ దూరంలో ఆగిపోయింది. చేతులు మెడ వెనక పెట్టుకోమన్నారు. మోచేతులు చెవుల దాకా కూడా రాలేదు. మోకాళ్ళు వంచకుండా కాలి వేళ్ళు అందుకోమంటే అత్త నవ్వి, "అవి నావేనా అని ఇప్పుడు అనుమానంగా ఉండాదమ్మా," అంది. డాక్టరమ్మ నవ్వలేదు. ఎక్స్‌రే రాసిచ్చి, "ఏం నీళ్ళు తాగుతున్నారు, ఎన్నాళ్ళుగా?" అని అడిగారు. పెళ్ళయినప్పటి నుంచీ పల్లె నీళ్ళేనని, బోరు వేసి ముప్పై ఏళ్ళు దాటిందని చెప్పింది అత్త. "నాకైతే నీళ్ళ మీదే అనుమానం" అన్నారు డాక్టరమ్మ.

తిరిగి వచ్చేసరికి సుకన్య పరీక్ష చేస్తోంది. చిన్న గాజు గొట్టంలో కొంచెం నీళ్ళు పోసి ఎర్రటి మందు కొన్ని చుక్కలు వేస్తారు. ఫ్లోరైడ్ లేకపోతే గులాబీ రంగు నిలబడుతుంది, ఎక్కువుంటే పసుపుకు తిరుగుతుంది. మా గొట్టం గులాబీ రంగులో మెరుస్తూ ఉంది. సుకన్య ఇంకోసారి చేసింది. మళ్ళీ గులాబీయే.

"నీళ్ళు బాగున్నాయి అన్నా," అంది. సంతోషించాల్సిన మాటను ఆమె ఇబ్బందిగా చెప్పింది. "వీటికి ఫిల్టరు ఇవ్వలేం."

అత్త ముఖం వెలిగింది. "నేను సెప్పలా? మా ఇంటి నీళ్ళకేం వంక," అంది. నాకు మాత్రం అనుమానం తీరలేదు. నీళ్ళు మంచివైతే ఆ మెడ ఎందుకు వంగదు? వయసేనా? పొద్దున్నుంచీ ఆమెను బస్సుల్లో కుదిపి తెచ్చి, చివరికి అందరూ అన్న మాటే విన్నాం.

క్యాంటీనులో భోజనం ఎనభై, బాగుంది అన్నారు. కానీ అత్త చింతపండు చిత్రాన్నం, వేరుశెనగల పచ్చడి ఊరుబిండి కట్టుకొచ్చింది. మూడు గంటలప్పుడు వరండా చివర మెట్ల మీద కూర్చుని తిన్నాం. ఊరుబిండి కారానికి నా నోరు మండింది. అత్త తన గుడ్డ సంచిలోంచి నలిగిపోయిన ఒక ప్లాస్టిక్ సీసా తీసి తాగుతోంది. నేను చెయ్యి చాపాను. ఆమె సీసాను వెనక్కి లాక్కుంది.

"ఇవి నీకొద్దురా. బోరు నీళ్ళు, ఉప్పగా ఉంటాయి. ఆ పాప కాడ సీసాలో మిగిలినాయి గదా, అవి తాగు."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "అత్తా, ఆ సీసాలో ఏం నీళ్ళు పట్టినావు?"

"క్యాను నీళ్ళు. మా మనవరాలికీ, ఇంటికొచ్చే సుట్టాలకీ కొంటాము గదా, అవే."

"నేను బోరు నీళ్ళు పట్టమంటి కదా!" అని అరిచాను. మెట్లు దిగుతున్న ఇద్దరు ముగ్గురు ఆగి చూశారు.

అత్త చిన్నబోయింది. "యేందిరా అట్లా అరుస్తావు. ఇంత పెద్ద సదువులోళ్ళ చేతికి ఆ ఉప్పు నీళ్ళు ఎట్లా ఇచ్చేది? మన ఇంటిని గురించి ఏమనుకుంటారు? వాకిట్లోకి వచ్చినోళ్ళకి ఏనాడన్నా ఆ నీళ్ళు ఇచ్చినానా నేను? నిన్న నీకైనా ఇచ్చినానా?"

అప్పుడు నాకు నిన్నటి చెంబు గుర్తొచ్చింది. అంత చల్లగా, కమ్మగా ఉన్న నీళ్ళు. ఎన్నేళ్ళుగా ఆ ఇంటికి పోతున్నాను, ప్రతిసారీ ఆమె నాకు అవే ఇచ్చింది. ఆమె ఏం తాగుతోందని నేను ఒక్కసారీ అడగలేదు. అరిచినందుకు సిగ్గుతో చచ్చిపోయాను. కానీ సిగ్గుపడుతూ కూర్చోవడానికి టైము లేదు. మూడున్నర. అత్త చేతిలోని సీసాలో రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళున్నాయి. ఆమె మళ్ళీ మూత తీయబోతుంటే, "తాగొద్దు!" అని లాక్కున్నాను. ఈసారి ఆమె తప్పు పట్టలేదు.

సుకన్య బల్ల సర్దేస్తోంది. విషయం చెప్పి సీసా చూపించాను. "ఎంగిలివమ్మా, పనికొస్తాయా?" అని అత్త సందేహంగా అడిగింది.

"మొదటి పరీక్షకి చాలు అవ్వా. బోరు కాడికి వచ్చి నేనే మళ్ళీ పట్టుకుంటా," అంటూ గొట్టంలోకి కొంచెం ఒంపి, ఎర్ర చుక్కలు వేసింది. మేం ముగ్గురం దాని మీదికి వంగాం, అంటే నేనూ సుకన్యా వంగాం, అత్త కోసం గొట్టాన్ని ఆమె కళ్ళ ఎత్తుకు లేపి పట్టుకున్నాం. గులాబీ రంగు క్షణం కూడా నిలవలేదు. చూస్తుండగానే గడపకు పూసే పసుపు రంగుకు తిరిగింది.

"పసుపు మంచిదే గదా పాపా?" అంది అత్త.

సుకన్య కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అత్తకు అర్థమైంది. గొట్టాన్ని తన చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"ఇన్నేండ్లూ ఇదా," అంది మెల్లగా. గొట్టం సుకన్యకు తిరిగిచ్చి, "మా ఆవు గూడా ఇవే తాగుతాది. దానికి?" అని అడిగింది.

నాలుగింటికి పది నిమిషాల ముందు జాబితాలో ఆమె పేరు ఎక్కింది. మరుసటి వారం సుకన్య పల్లెకు వెళ్ళి, బోరు కాసేపు నడిపి తానే నీళ్ళు పట్టుకుంది. మళ్ళీ అదే ఫలితం. ఇది రాసేనాటికి ఆ వంటింట్లో టెంకల బొగ్గు ఫిల్టరు నడుస్తోంది. అత్త మెడ వంగలేదు. బిగుసుకున్నది మళ్ళీ మునుపటిలా అవుతుందని డాక్టరమ్మ చెప్పనూ లేదు, ఇకపై ముదరకుండా చూసుకోవచ్చనే చెప్పారు. ఈ పరిశోధనలు గెలుస్తాయో లేదో నాకు తెలియదు. కానీ నీళ్ళు, ఎముకలు, మామిడి టెంకలు పక్కపక్క గదుల్లో ఎందుకున్నాయో మాత్రం ఆ రోజు అర్థమైంది. మూడూ మా అత్త దగ్గరే కలుసుకున్నాయి. ఫిల్టరు పెట్టిన రోజు మొదటి గ్లాసు పట్టి ఆమె అలవాటుగా నాకే చాపింది. "ముందు నువ్వు తాగు" అన్నాను. ఎదురుగా చుట్టం నిలబడి ఉండగా తను ముందు తాగడం ఆమెకు ఎంత కష్టమైందో, తలుపు చాటుకు పోయి తాగి వచ్చింది.

మీరూ మీ వాళ్ళ నీళ్ళు పరీక్షకు తీసుకుపోతుంటే ఒక్కటే సలహా. ఇడ్లీ పక్కనపెట్టి లేచి వెళ్ళి, సీసా మీ చేత్తో నింపండి. మీకిచ్చిన చెంబులోవి కాదు, వాళ్ళు తాగే సీసాలోవి.