వంటింట్లో చెప్పులు

మా అత్తకు షుగరు పాత చుట్టం. మాత్రలు మింగుతుంది, కాఫీలో చక్కెర మానేసింది, సాయంత్రాలు బీచి రోడ్డులో నడుస్తుంది కూడా. తంటా అంతా చెప్పుల దగ్గరే వచ్చింది.

కదిర్కామం ఆసుపత్రిలో డాక్టరమ్మ అత్త అరికాలికి సన్నటి దారం లాంటిది ఆనించి, తెలుస్తోందా అని అరవంలో అడిగింది. "ఏంది తెలిసేది?" అంది అత్త నాతో. పాదాలకు స్పర్శ పోయిందట. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలట. చిన్న పుండు ముదిరినా కాలు తీసేయాల్సి రావచ్చట.

ఇంట్లో చెప్పులా! మా దేవుళ్ళుండేదే వంటగది అలమారలో. "పొయ్యికాడికి చెప్పులేసుకొని వచ్చేదానికి నేనేమన్నా దొరసాన్నా?" అంది.

బతిమాలాను, అరిచాను, కాళ్ళు పోయినవాళ్ళ కథలు చెప్పి బెదిరించాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. చివరికి మెత్తటి కొత్త జత కొనుక్కొచ్చి, "ఇవి గడప దాటవత్తా, ఇంటివే" అన్నాను. ఆ మాట కాస్త తలకెక్కింది. మరునాడు చూద్దును కదా, చెప్పులు దేవుడి అలమార కింద పసుపు కుంకుమలతో వెలిగిపోతున్నాయి! మిక్సీ కొన్నా బొట్టు పెట్టందే ముట్టని కొంప మాది.

"మంచిదే, ఇంక వేసుకోండి."

"ఏందే ఆ మాట? బొట్టు పెట్టినదాంట్లో ఎవురన్నా కాలు పెడతారా? పాపం!"

"బొట్టు పెట్టిన స్కూటరెక్కి మామ ఊరంతా తిరగలేదా?"

"అది కూర్చునేది. ఇది తొక్కేది."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అయితే మీ కాళ్ళకూ పసుపు పూస్తా, సరికి సరి" అని గిన్నెలో పసుపు కలిపి ఆమె ముందు కూలబడ్డాను. ఎగతాళికే. ఎడమ కాలు ఎత్తి చూసేసరికి నా చెయ్యి ఆగిపోయింది. మడమ పక్కన గుండుసూది తలదాకా దిగబడి ఉంది. చుట్టూ ఎర్రగా ఉబ్బింది.

పైన అత్త నవ్వుతూనే ఉంది. "చక్కిలిగింత కూడా లేదే, బాగా పుయ్యి."

నాకు భయంతో ఏడుపొచ్చేసింది. అద్దం తెచ్చి అరికాలు చూపించాను. చాలాసేపు చూసింది.

డాక్టరమ్మ సూది తీసి కట్టు కట్టింది. సమయానికి తెచ్చారంది. ఇంటికొచ్చాక అత్త వంటగది గుమ్మంలో నిలబడి, "ఆ చెప్పులిట్ల తేవే" అంది. తెచ్చి కాళ్ళ ముందు పెట్టాను. అలమార వైపు చూసి చేతులు జోడించింది.

"సాములారా, కాసేపు అటు తిరుక్కోండి. కాళ్ళుంటేనే గదా మీకు వండిపెట్టేది."

బొట్టు మీదే కాలు పెట్టింది.