మేడ మీద రైలు, కిటికీ కింద బూడిద

మిర్యాలగూడలో ఆ ఇల్లు ఖాళీ చేసి సూర్యాపేటకు వచ్చి ఏడాదైంది. అయినా పాప దగ్గినప్పుడల్లా ఆ ఇంటి ఓనరు మీద నా కోపం రాజుకుంటుంది.

ఆయన రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసి రిటైరైన మనిషి. మేడ మీద గదంతా బొమ్మ రైలు మార్గం కట్టాడు. అందులో గేటు పడకపోతే సిగ్నల్ పచ్చగా వెలగదు. పట్టాల పక్కన నేల నిజందానిలా నల్లగా ఉండాలని రైసుమిల్లు నుంచి ఊక బూడిద బస్తాలు తెచ్చి, మా కిటికీ కిందే కూర్చుని జల్లెడ పట్టేవాడు. మా మూడేళ్ల పాపకు ఆయాసం. ఎన్నిసార్లు చెప్పినా ఆయనది ఒకటే మాట.

"రంగేస్తే నకిలీగ కనబడ్తది బిడ్డా. జర కిటికీ ఏసుకో."

ఒకరోజు పాపకు ఊపిరాడక పిల్లికూతలు మొదలయ్యాయి. దవాఖానకు పోవడానికి ఆటో వచ్చేలోపు, ఆ కూతలు ఆయనకే వినిపిద్దామని పాపను చంకనేసుకుని మేడెక్కాను. పాపను చూసి ఆయన మురిసిపోయాడు. అంగుళమంత బొమ్మపిల్లను గేటు దగ్గర నిలబెట్టి, గేటు పైకెత్తాడు. వెంటనే సిగ్నల్ ఎర్రబడింది. రైలు దానంతటదే ఆగింది.

"సూసినవా, నా లైన్ల ఒక్క పాణం గూడ పోదు."

పాప ఛాతీని ఆయన వైపు తిప్పాను. "ఈ సప్పుడు వినబడ్తున్నదా పెద్దయ్యా?"

ఆయన కళ్లు మూసుకుని శ్రద్ధగా విన్నాడు. తర్వాత వంగి, పట్టాల మీద ఆగిన ఇంజన్‌ను చేతిలోకి తీసుకున్నాడు.

"గిదే బిడ్డా, సప్పుడు జేస్తున్నది. జర నూనె పొయ్యాలె."