బిల్లు లేని సరుకు

ఒక్క మాట గుండెల మీద కూచుంటే ఏండ్ల తరబడి దిగదని నాకెవురు చెప్పినారు? నువ్వెవురో నాకు తెల్దు, అదే మంచిదిలే. ఇను. నవ్వొస్తే నవ్వు, నాకే ఒకోసారి నవ్వొస్తాది.

మాది ప్రొద్దుటూరు. బట్టలంగళ్లకు కంప్యూటర్లు, బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేరు అమ్ముతా. సాఫ్ట్‌వేరుకు ఏటేటా దుడ్లు కట్టాల. అంతా బాగుండాదనుకుంటాంటే నసీమా దిగింది. మొగుడు కువైట్‌లో ఉండాడు. ఈమె అంగడంగడికీ తిరిగి అదే పని చేసే సాఫ్ట్‌వేరు ఊరికే ఎక్కిస్తాది. నేర్పించినందుకు మాత్రం కూలి తీసుకుంటాది. దాన్ని తయారుచేసినోళ్లే అందరినీ వాడుకోమని రాసిచ్చినారు. ఆ షరతులు నేనూ చదివినా. యాడా తిరకాసు లేదు.

మరి నేనేం చేసినా? బట్టలంగడి మామ ఒకాయన నసీమాది పెట్టించుకుందునా అని అడిగినాడు. మా బజారు సంగతి నాకు తెల్సు గదా. బిల్లు లేకుండా చీరల బేలు గూడా అంగట్లోకి రానీరు, అది దొంగసరుకే అంటారు. "మామా, దానికి బిల్లు ఉండాదా?" అన్నా. ఊరికే వచ్చినదానికి బిల్లు యాడనుంచి వస్తాది? "రేపెవురన్నా కేసేసి అంగడికి సీలేస్తే?" అని తోక గూడా తగిలించినా. మామ టీ గ్లాసు ఆడనే పెట్టేసినాడు.

ఆ మాట జమ్మలమడుగు బస్సెక్కింది. పులివెందులకు పోయేసరికి ఎవురికో సీలు గూడా వేసేసినారంట! ఎవురికీ ఎయ్యలే. పెట్టించుకున్నోళ్లు మాత్రం తీపించేసి మళ్లా చేత్తో బిల్లులు రాసుకున్నారు.

నన్ను కొరికేది అది గూడా కాదు. నసీమా నన్ను నమ్మి నా అంగడికే వచ్చింది.

"అన్నా, కేసులొస్తాయని ఎవురో పుకారు పుట్టించినారు. అట్లాంటిదేం లేదని ఒక్క మాట చెప్పన్నా. నీ మాటయితే ఇంటారు."

"ఏమోమ్మా... ఎందుకైనా మంచిది, వకీలును అడుగు."

ఎందుకైనా మంచిది! ఎవురికి మంచిది? నాకే. అబద్ధం చెప్పింటే ఎప్పుడో ఒకప్పుడు దొరికిపోయేవాణ్ని, అనుమానం పెట్టినోణ్ని ఎవురు పట్టుకుంటారు? థూ, నా నోట్లో మన్ను పడ. ఆమె పులివెందులలో పుట్టింటికి పోయి, ఆ భయం అరిగిపోయేదాకా కుట్టుమిషను తొక్కింది. తర్వాత ఆడనే అంగడి పెట్టుకోని మళ్లా మొదలుపెట్టింది.

ఇప్పుడు నేనమ్మే సాఫ్ట్‌వేరు కంపెనీ మూతబడింది. సిగ్గిడిచి, కంప్యూటరు సంకనేసుకోని పులివెందులకు పోయినా. నసీమా అంగట్లో నిలబడను చోటు లేదు, చూసి సంతోషమాయ. టీ ఇచ్చి, నా దాంట్లో ఎక్కించింది. లేస్తా లేస్తా బిల్లడిగినా.

"ఊరికే ఇచ్చినదానికి బిల్లేందన్నా?" అని నవ్వింది.

"ఎందుకైనా మంచిది," నోరు జారింది.

ఆమె నవ్వు ఆగిపాయ. నా మొకం చూసింది. సాఫ్ట్‌వేరు, సున్నా రూపాయలు అని రాసి ముద్రేసి ఇచ్చింది.

దాన్ని మా అంగట్లో గోడకు తగిలించినా. ఆ మామే వచ్చి, అద్దాలు పెట్టుకోని చదివినాడు. "ఓర్నీ, బిల్లు ఉండాదే! నాకూ పెట్టియ్యప్పా."

"ఆమెకు ఫోను చెయ్యి మామా. అప్పుడు కేసూ లేదు, సీలూ లేదు. నా కడుపుమంట అది."

మామ తిట్టినాడు చూడు, బజారంతా ఇన్నాది. ఆ తిట్లు పొద్దుగూకేలోపల పులివెందులకు చేరింటాయి, నా పుకారుకంటే బిరాన. చేరనీ. నసీమా నుంచి ఇంతవరకూ ఫోను రాలే. గుండెల మీద మాట దిగినట్టుంది, ఆ పొద్దు మాత్రం నాకు శానా ఆకలయింది.