నాలుగు ప్రాంగణాల దిక్సూచమ్మ

ఆ విశ్వవిద్యాలయానికి నాలుగు ప్రాంగణాలు. కట్టించిన మహానుభావుడెవరో గాని, ఒకే ప్లాను చేతిలో పెట్టి నాలుగుసార్లు కట్టమన్నట్టున్నాడు. నాలుగు చోట్లా అదే మూడంతస్తుల పరిపాలన భవనం, అవే మెట్లు, మెట్ల పక్కన అదే కుళాయి, రెండో అంతస్తులో అదే రెండువందల నాలుగో గది. పరీక్షకో సర్టిఫికెట్టుకో వచ్చినవాళ్లు ఒకచోట దిగాల్సింది ఇంకోచోట దిగి, సరైన నంబరు గది ముందే నిలబడి, తలుపు ఎందుకు తియ్యరా అని ఎదురుచూస్తుంటారు.

అలాంటివాళ్లకు దిక్కు మొదటి ప్రాంగణంలో ఎంక్వైరీ కౌంటరు దగ్గర కూర్చునే దిక్సూచమ్మ. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదది, విద్యార్థులు పెట్టింది. పద్నాలుగేళ్లుగా అదే కుర్చీ, అదే తాత్కాలిక ఉద్యోగం. దారి తప్పినవాణ్ణి ఆమె గేటు దగ్గరే గుర్తుపడుతుంది.

"కాగితం తియ్యి నాయనా. అడుగున చివరి లైను చదువు. ఏముంది? మూడో ప్రాంగణం. కళ్లున్నది ఎందుకూ, అద్దాలు పెట్టుకోడానికా?"

అలా నాలుగు దులిపి, వెంటనే ఫోనెత్తి అవతలి కౌంటరుకు చెబుతుంది: "ఒకణ్ణి పంపుతున్నా, కాస్త ఆపండి." ఆ ఫోను చెయ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నాలుగో ప్రాంగణం కౌంటరులో ఉండే ఆవిడతో ఈ ఫోన్ల మీదే చుట్టరికం కలిసింది. తొమ్మిదేళ్లుగా వదినా అంటే వదినా అనుకుంటున్నారు గాని, ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఇన్నాళ్లకు పర్మనెంటు చేసే ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. పదకొండు గంటలకు, పరిపాలన భవనం, రెండువందల నాలుగో గది. ఈసారి తప్పితే వయసు దాటిపోతుంది, మళ్లీ పిలవరు. పొద్దున్నే భర్త మెల్లగా, "ఆ కాగితం ఇంకోసారి చూసుకోరాదూ," అన్నాడు.

"ఎవరికి చెప్తున్నావ్? నేను రోజూ కూర్చునే కౌంటరు పైనే ఆ రూము!" అని ఇంతెత్తున లేచింది. ఆయన టిఫిన్ బాక్సు కట్టిచ్చాడు.

పదింబావుకే వెళ్లి ఆ గది ముందు కూర్చుంది. తలుపుకు తాళం ఉంది. పెద్దవాళ్లు కదా, తీరిగ్గా వస్తారులే అనుకుంది. పదీ నలభైకి ఫోను మోగింది.

"వదినా, ఇంటర్వ్యూ లిస్టులో నీ పేరు చూసి ఎంత సంబరపడ్డానో! పదిన్నరకల్లా హాజరు సంతకం పెట్టాలిగా, అందరూ పెట్టేశారు. నువ్వెక్కడ?"

"రెండువందల నాలుగు ముందే ఉన్నా..." అంటూనే కాగితం తీసింది. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: నాలుగో ప్రాంగణం. అందరికీ శకునాలు చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడిందట! తన మీద తనకే నవ్వొచ్చింది.

"వదినా, ఒకదాన్ని పంపుతున్నా, కాస్త ఆపు," అని పరుగందుకుంది.

ప్రాంగణాల మధ్య తిరిగే బస్సు కదులుతుండగా ఎక్కింది. పక్క సీట్లో ఒక పెద్దాయన టై వదులు చేసుకుని, చేతిలో కాగితం నలుపుతున్నాడు. ఆ మనిషిని ఎన్నడూ చూడలేదు గాని, అలాంటి మొహం ఆమెకు రోజూ కనిపించేదే.

"రూము దొరికింది, మనుషులు దొరకలేదు. అంతేనా సార్?"

"ఎలా కనిపెట్టావమ్మా? అరగంటసేపు రెండో ప్రాంగణంలో తలుపు ముందే నిలబడ్డా. ఇంటర్వ్యూ బోర్డులో మెంబర్ని. నేను లేందే మొదలుపెట్టరు. పరువు పోయేలా ఉంది."

మీరు ఇంటర్వ్యూ చేసేది నన్నే అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది, మింగేసింది. బస్సు దిగగానే, "ఎడమవైపు మెట్లెక్కండి, లిఫ్టు కోసం ఆగకండి," అని ముందు ఆయన్ని పంపించి, వెనకాలే ఆయాసపడుతూ ఎక్కింది. గుమ్మం దగ్గర బొద్దుగా ఉన్న ఒకావిడ "వదినా!" అంది. "నీ పేరు ఆఖరికి మార్పించా. ముందు నీళ్లు తాగు."

ఆఖరున ఆమెను లోపలికి పిలిచారు. బోర్డు అధ్యక్షుడు కాగితం చూసి అడిగాడు. "సంతకం గంట ఆలస్యం. కారణం?"

బల్ల చివర పెద్దాయన తల దించుకున్నాడు. బస్సు చెడిపోయిందంటే సరిపోయేది. సాక్షిగా ఆయన్ని చూపించినా చెల్లేది.

"చివరి లైను చదవలేదు సార్. వేరే ప్రాంగణానికి పోయి కూర్చున్నా."

"దారి చెప్పడమే కదమ్మా మీ ఉద్యోగం?"

"అదే సార్, సిగ్గుగా ఉంది."

పెద్దాయన ఇక ఉండలేకపోయాడు. "నేనూ చదవలేదండీ. ఇవాళ నన్నిక్కడికి చేర్చింది ఈవిడే. నేనిచ్చే మార్కులు లెక్కలోకి తీసుకోకపోయినా సరే, ఈ మాట మాత్రం రాసుకోండి."

తర్వాత ఏవేవో ప్రశ్నలు అడిగారు. ఆమె జవాబులు చెబుతోంది గాని, చూపు గోడ గడియారం మీదే ఉంది.

"ఏమ్మా, అంత తొందరా?"

"అక్కడ కౌంటర్లో ఎవరూ లేరు సార్. ఈపాటికి ముగ్గురు నలుగురు దారి తప్పి ఉంటారు. అయిపోతే వెళ్తాను."

అందరూ నవ్వారు. అధ్యక్షుడు ఏదో రాసి పక్కవాళ్లకు చూపించాడు. వాళ్లు తలూపారు.

"ఇవాళ్టికి వెళ్లండి. ఇకమీదట ఇలా రావాల్సివస్తే మాత్రం, సెలవు చీటీ రాసిచ్చి రండి."

"అలాగే సార్," అని గుమ్మం దాకా నడిచి ఆగిపోయింది. తాత్కాలిక ఉద్యోగులకు సెలవులుండవు. పద్నాలుగేళ్లలో ఆమె ఒక్క సెలవు చీటీ కూడా రాయలేదు. తలుపు పట్టుకుని అక్కడే, అంతమంది ముందే, హాయిగా ఏడ్చేసింది.