తొందర లేనివాళ్ల సంఘంలో పలోమా

చెలో కారు పేరు పలోమా. యాభై ఒకటో సంవత్సరం మోడల్, ఆకాశం రంగు, పొట్ట నేలకు తగులుతుందేమో అనిపించేంత కిందికి దించిన ఒళ్లు. వెనక అద్దంలో వేలాడే అల్యూమినియం ఫలకం మీద 'సిన్ ప్రీసా' అని చెక్కి ఉంటుంది. తొందర లేనివాళ్లం అని అర్థం. తూర్పు లాస్ ఏంజెలెస్‌లో ఆ ఫలకం ఉన్న బండ్లు ఆదివారం సాయంత్రం విట్టియర్ బులవార్డ్ మీద బయల్దేరితే, చంటిపిల్లల బండి తోసుకుంటూ నడిచే తల్లులు వాటిని దాటిపోతారు. వాళ్ల గొప్పంతా అందులోనే ఉంది. కూడలిలో ఆగినప్పుడు మీట నొక్కి బండిని కప్పలా గెంతించడం వాళ్లకు ఇంకో సరదా.

అలాంటి సంఘంలో ఎవరూ అందుకోలేనంత వేగమైన బండి చెలోది. ఆ సంగతి ఆమెకూ, తల్లి దోన్యా హెర్లిండాకూ, మేనకోడలు యదీరాకూ తప్ప ఎవరికీ తెలియదు.

చెలో కారు సీట్లు కుట్టే మనిషి. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే "నా వేళ్లను పొడవడానికి సూదులు చాలవా?" అనేది. సంఘంలో సగం బండ్ల సీట్లు ఆమె చేతివే. అయినా ఒక ఆడమనిషికి ఫలకం ఇవ్వడానికి ఆ సీట్ల మీద కూర్చున్న పెద్దమనుషులకు చాలా ఏళ్లు పట్టింది. ఫలకం వచ్చాకే ఆమెకు ఆదివారాలు వచ్చాయి. మాంసం కాల్చుకునే పార్కులో తనకంటూ ఒక బల్ల, తను వెళ్లకపోతే "చెలో ఏదీ?" అని అడిగే మనుషులు వచ్చారు.

ఇంతలో పలోమా ఇంజిన్ ముసలిదై నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. యదీరా పనిచేసేది గుద్దుకున్న కార్లను విడదీసి అమ్మే యార్డులో.

"అత్తా, ఒక ఎలక్ట్రిక్ కారు వచ్చింది. ముందు భాగం నుజ్జునుజ్జు. మోటారూ బ్యాటరీలూ మాత్రం పెళ్లికూతురిలా ఉన్నాయి. రేసుల్లో పరిగెత్తే రకం."

"రోసెండో చంపేస్తాడే నన్ను."

"చెప్తే కదా చంపేది!"

రోసెండో సంఘం అధ్యక్షుడు. అతని చిన్న కూతురికి చెలో జ్ఞానస్నానపు తల్లి. అప్పటినుంచి ఆమె అతనికి కొమాద్రె, అతను ఆమెకు కొంపాద్రె. కొత్త రకం బండ్ల మాట వచ్చినప్పుడు అతను సమావేశంలో బల్ల గుద్ది మరీ చెప్పాడు: "ఇంజిన్ లేని కారు శవపేటిక. అలాంటిది తెచ్చినవాళ్ల ఫలకం నా చేత్తో నేనే విప్పుతా. సొంత తమ్ముడైనా సరే."

పాత ఇంజిన్‌ను దించే ముందు చెలో పెరట్లో దాన్ని చివరిసారి తిప్పి, ఆ గుడగుడ శబ్దాన్ని ఫోనులో ఎక్కించుకుంది. తర్వాత ఎప్పుడు విన్నా రెండు క్షణాలకే కళ్లు చెమర్చేవి, ఆపేసేది. చివరిదాకా ఒక్కసారీ వినలేదు. యదీరా ఆ శబ్దాన్నే బానెట్ కింద ఒక స్పీకరులో పెట్టింది. కాలు యాక్సిలరేటర్‌ను తాకినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి మోగేలా అమర్చింది. ఇక భయం లేదు. ఒకరి బానెట్‌ను ఇంకొకరు ముట్టుకోకూడదన్నది వాళ్లలో భార్యాభర్తలు కూడా దాటని కట్టుబాటు.

చెలో నటన మామూలుగా లేదు. ఎండకు మిగతా బండ్లు ఉడికిపోయి ఆగితే, తనూ ఆగి టోపీతో బానెట్‌కు విసురుతూ "అబ్బబ్బ, దీనికి వయసైపోయింది కొంపాద్రె" అని నిట్టూర్చేది. ఇక ఆదివారం ఉదయం ప్రార్థనకు వెళ్లేటప్పుడు, ఖాళీగా ఉన్న ఫ్రీవే ఎక్కే దారిలో ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారే, కాలు గట్టిగా నొక్కేది. మొదటిసారి దోన్యా హెర్లిండా వీపు సీటుకు అతుక్కుపోయింది, జపమాల వెనక సీట్లో పడింది. ముసలావిడ దుస్తులు సర్దుకుని, "దేవుడికి చెప్పుకోవాల్సిన పాపమేలే. ఇంటికెళ్లేటప్పుడు ఇంకోసారి తొక్కు" అంది.

రోసెండో మనవరాలు హిమేనాకు పదిహేనేళ్లు నిండిన పండుగ వచ్చింది. చచ్చిపోయిన నానమ్మ పెళ్లినాడు ఎక్కిన కారులోనే పిల్ల చర్చికి రావాలని తాత పంతం. అత్తలూ పిన్నులూ నలుగురు కలిసి తొక్కి తొక్కి ఆమె గులాబీరంగు గౌనును వెనక సీట్లోకి ఎక్కించారు. గౌను మధ్య పిల్ల ముఖం మాత్రం కనిపిస్తోంది. వెనకే పలోమా, దాని వెనక మిగతా సంఘం. పిల్ల చర్చి గడప దగ్గర దిగేదాకా ఏ బండీ ఇంజిన్ ఆపకూడదు. ఆపితే అశుభం.

చర్చి ఉన్న గుట్ట మొదట్లో రోసెండో బండి ఒక్కసారి దగ్గి, ఆవిరి చిమ్మి, చచ్చిపోయింది.

మగవాళ్లందరూ దిగి దాని చుట్టూ చేరారు. ఒకడు నీళ్లు పోయమన్నాడు, ఒకడు వద్దన్నాడు. చెలో పలోమాలోనే కూర్చుంది. బానెట్ కింద ఇంజిన్ గుడగుడలాడుతూనే ఉంది. కాలు కదపకుండా ఇంతసేపు ఎప్పుడూ ఆగలేదు కదా అనుకుంటూ ఉండగానే, ఆ గుడగుడలోంచి పెద్ద కేక వినిపించింది.

"చెలో! ఓ చెలో! చిక్కుళ్లు మాడిపోతున్నాయే!"

అందరూ తిరిగి చూశారు. దోన్యా హెర్లిండా ముందు సీట్లో, కారం చల్లిన మామిడిముక్క నోట్లో పెట్టుకుని, దవడ కదల్చకుండా కూర్చుని ఉంది.

రోసెండో దగ్గరికొచ్చాడు. "దోన్యా హెర్లిండా, మీరేమైనా అన్నారా?"

ఆవిడ తన నోటిని వేలితో చూపించింది.

"చెవుడా నీకు? పొయ్యి కట్టెయ్యవే!" అంది పలోమా.

చెలో గబగబా స్విచ్ వెతుక్కుంది. ఇంజిన్ శబ్దం, తల్లి గొంతు, రెండూ టక్కున ఆగిపోయాయి.

"బానెట్ తెరువు, కొమాద్రె."

"ఒకరి బానెట్ తెరవమని ఇంకొకరు అడగొచ్చా, కొంపాద్రె?"

అడగకూడదు. అది అతనికీ తెలుసు. చెలో అక్కడితో ఊరుకుంటే ఎవరూ ఏమీ నిరూపించలేరు. కానీ ముందు కారులో గౌను మధ్యనుంచి ఏడుపు వినిపిస్తోంది. ఈ పూజ కాగానే పాదిరికి వేరే పెళ్లి ఉంది. ఆ గౌనును దించి మరో బండిలో ఎక్కించేసరికి ఆ పెళ్లి కూడా అయిపోతుంది. అంత బరువైన కారును ఆ గుట్ట మీదికి లాగగలిగిన బండి అక్కడ ఒక్కటే ఉంది. లాగితే చప్పుడు లేకుండా లాగుతుంది, ఊరంతా చూస్తుంది.

చెలో వెనక అద్దంలోని ఫలకం వైపు ఒకసారి చూసుకుంది.

"తాడు తెండి" అంది.

తాడు కట్టారు. రోసెండో తన స్టీరింగ్ దగ్గర కూర్చుని టోపీ సర్దుకున్నాడు. పలోమా పిల్లిలా కదిలింది. గుట్ట సగం దాకా చెలో బుద్ధిగానే పోయింది. అప్పుడు పక్క సీట్లోంచి తల్లి మామిడిముక్క మింగి, "ఎలాగూ తెలిసిపోయిందిగా" అంది.

రోసెండో టోపీ ఎగిరి కాలువలో పడింది. గులాబీరంగు గౌనులోంచి "ఇంకోసారి, తాతా, ఇంకోసారి!" అని కేకలు వినిపించాయి. ముందుగా చేరి స్వాగతం వాయించాల్సిన వాద్యగాళ్లు గిటార్లు పట్టుకుని గుట్ట మీదికి పరుగెత్తుకొచ్చారు.

పూజ అయ్యాక చర్చి ముందే రోసెండో స్పానర్ తీశాడు. "మాటంటే మాటే, కొమాద్రె."

"విప్పు. కానీ మీ డిక్కీల నిండా ఉన్నవి ఏంటి? బ్యాటరీలు కావూ? బండిని గెంతిస్తే మీ బ్యాటరీలు మగాళ్లు, నడిపిస్తే నావి దొంగలా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. రోసెండో చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఫలకం విప్పి చంకలో పెట్టుకుపోయాడు.

తర్వాతి ఆదివారం చెలో పార్కుకు వెళ్లలేదు. ఇంట్లో ఒక సీటుకు తప్పు కుట్టు వేసి, విప్పి, మళ్లీ తప్పే వేసింది. సాయంత్రం వెనక సందు వైపు గేటు చప్పుడైంది. చూస్తే రోసెండో. అతని వెనక, యదీరా యార్డు ట్రక్కుకు తాడుతో కట్టిన అతని కారు. దాని మొహం దుప్పటితో కప్పి ఉంది.

"నేను వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదు" అన్నాడు గుసగుసగా.

"ఎందుకొచ్చినట్టు?"

"హిమేనా మాట్లాడటం మానేసింది. నీ బండి ఎక్కితేనే చర్చికొస్తుందట." కాసేపు గేటును గోకాడు. "ఆ మోటారు లాంటిది ఇంకోటి దొరికిందట. ఈ పిల్ల చెప్పింది" అని ట్రక్కు దిగుతున్న యదీరాను చూపించాడు.

చెలో చెయ్యి చాపింది. రోసెండో చొక్కా లోపలినుంచి న్యూస్ పేపరులో చుట్టిన ఫలకం తీసి ఆ చేతిలో పెట్టాడు. "కుట్టుపని బాకీ ఉందని వచ్చానని చెప్తాను సంఘంలో. సరేనా?"

"అబద్ధం ఆడితే పాపం, కొంపాద్రె."

"నువ్వా చెప్పేది!"

బండికి నీళ్లు పోసి, చివరిసారి ఇంజిన్ తిప్పారు. అది మూలుగుతూ లేచింది. రోసెండో టోపీ తీసి గుండెకు ఆనించుకుని, రెండో చేత్తో ఫోను బానెట్ దగ్గర పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు. వేలు పెదవుల మీద పెట్టి అందరినీ కదలొద్దన్నాడు. యదీరా ఊపిరి బిగబట్టింది.

వంటింటి కిటికీ తెరుచుకుంది.

"రోసెండో! దొంగలా వెనక నుంచి రావడమెందుకు? లోపలికొచ్చి రెండు ముద్దలు తిను!"