రైట్ అనేదాకా కదలని బస్సు

మా బాపు తొర్రూరు రూటులో బస్సు నడిపేవాడు. ఒకరోజు పొద్దున స్నానం చేసి వస్తూ గుమ్మం దగ్గర కూలబడ్డాడు. పక్షవాతం. హనుమకొండ దవాఖానాలో ప్రాణం నిలబెట్టారు గానీ ఎడమ చెయ్యి మాట వినడం మానేసింది. ఇక స్టీరింగ్ పట్టుకోవద్దన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆయన గోడవైపు తిరిగి పడుకోవడమే. వేళ్లకు చెప్పిన వ్యాయామం కూడా చేసేవాడు కాదు.

"ఇగ దేనికి బిడ్డా ఈ చెయ్యి," అనేవాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చేది.

నేనప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాను. చదువు పేరు చెప్పి కొనిపించుకున్న పాత కంప్యూటర్‌లో ఆటలాడేదాన్ని. బస్సు నడిపే ఆట ఒకటి అందులో ఎక్కించి, బాపును కుర్చీలో కూర్చోబెట్టాను. కీబోర్డు మీద ఎడమ చేతి కింద బస్సును తిప్పే మీటలు, కుడి చేతి కింద యాక్సిలరేటరూ బ్రేకూ. నా పోరు పడలేక కూర్చున్నాడు.

రద్దీ రోడ్డెక్కగానే తెర మీది బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలైంది. మలుపు తిప్పితే బస్సు కాసేపు బిగుసుకుపోయి, ఆపైన ఒక్కసారిగా డివైడర్ ఎక్కేది.

"డీజిల్‌ల గాలి వట్టింది బిడ్డా. జర్కులిస్తాంది," అన్నాడు బాపు.

"కంప్యూటర్ల డీజిల్ ఏడిది బాపూ?"

"గట్లయితే ఫిల్టర్ జామైనట్టుంది."

వంటింట్లోంచి అమ్మ, "ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంత బండి మీదికి నూకుతాండు," అంది.

బాపు నవ్వలేదు. ఇంకోసారి గుద్దుకున్నాక చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇది గూడ నాతోని కాదు," అని లేచి మళ్లీ మంచం మీదికి పోయాడు. చెడింది కంప్యూటర్, ఓడిపోయింది ఆయన. అది నాకు అస్సలు మింగుడు పడలేదు.

ఏ మాటకామాటే చెప్పాలి, ఈసారి మద్దెల నిజంగానే ఓడు. ఆట అడిగినంత చోటు ర్యామ్‌లో లేదు. చోటు చాలనప్పుడు కంప్యూటర్ కొంత సరుకును హార్డ్ డిస్కులోకి దించుకుంటుంది. దాన్ని వర్చువల్ మెమరీ అంటారు. మాదాంట్లో అది కూడా పిసినారిగా పెట్టి ఉంది. సెట్టింగుల్లోకి వెళ్లి పెంచాను. వెనకాల నడుస్తున్నవన్నీ మూసేశాను. ఆటలో చెట్లూ నీడలూ తగ్గించాను. క్లాసులో ఒకమ్మాయి ఇంట్లో ఊరికే పడి ఉన్న ర్యామ్ ముక్క ఒకటి తెచ్చి బిగించాను. ఆన్ చేసి నేనే ఒక చుట్టు తిప్పి చూస్తే బస్సు సాఫీగా పోయింది.

మర్నాడు మధ్యాహ్నం బతిమాలి, కొంచెం అరిచి, బాపును మళ్లీ కూర్చోబెట్టాను. బొమ్మ జనం ఎక్కి కూర్చున్నారు. తలుపు మూసుకుంది. బస్సు కదల్లేదు. ఆట ఆపి, వర్చువల్ మెమరీ ఇంకాస్త పెంచి, రీస్టార్ట్ చేసి మళ్లీ తెరిచాను. మళ్లీ అంతే. ఒళ్లు మండి కంప్యూటర్ నెత్తిన ఒకటి చరిచాను.

"దాన్నెందుకు కొడ్తానవ్?" అన్నాడు బాపు.

"కదుల్తలేదు గద బాపూ."

"నేను ఒత్తితె గద కదిలేది. రైట్ అన్నదెవ్వలు?"

కండక్టర్ రైట్ అనకుండా ఆయన ఏనాడూ బస్సు తీయలేదు. ఆ ఆటలో కండక్టరే లేడు. అంతలో అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ వెనకాల నిలబడింది.

"రైట్ రైట్," అంది.

బాపు కుడి చేత్తో బస్సు తీశాడు. మలుపు రాగానే ఎడమ చేతి వేలు వణుకుతూ మీట మీదికి వచ్చింది. బస్సు ఆగకుండా తిరిగింది.

"ఇప్పుడు గాలి వోయింది," అన్నాడు.

ఆ తర్వాత మధ్యాహ్నాలన్నీ మా ఇంట్లో బస్సు నడిచింది. అమ్మ కండక్టర్. టికెట్ తీసుకోలేదని నన్ను దబాయించేది. మెల్లమెల్లగా బాపు ఎడమ చెయ్యి చాయ్ గ్లాసు పట్టుకునేదాకా వచ్చింది. అంత సంతోషం మా ఇంట్లో మళ్లీ చూడలేదు.

నిరుడు బాపు పోయాడు. నేనిప్పుడు మడికొండలో ఉద్యోగం చేస్తున్నాను. కొత్త కంప్యూటర్‌లో ర్యామ్ కావలసినంత ఉంది. మొన్న ఆదివారం ఆ ఆట తెరిచి, చెట్లూ నీడలూ అన్నీ పూర్తిగా పెట్టాను. జనం ఎక్కారు. తలుపు మూసుకుంది. మీట మీద వేలుంచి, వెనకాల నిలబడ్డ అమ్మ రైట్ అంటుందని చూస్తున్నాను.

అమ్మ నా భుజం మీద చెయ్యి వేసింది.

"జర ఆపు బిడ్డా," అంది. "ఇంకొకలు ఎక్కాలె."