గోడకి అటువైపు తాలింపు

చప్పిడి పప్పంటే నాకు ఇప్పటికీ రోత. ఆ వాసన తగిలితే చాలు, డెబ్బైల చివర్లో ఒక వేసవి మొత్తం కడుపులోంచి పైకి తన్నుకొస్తుంది.

అప్పుడు మేం విశాఖ పాతపట్నంలో, పూర్ణా మార్కెట్‌కి దగ్గరగా ఓ పెంకుటింట్లో సగం వాటాలో ఉండేవాళ్ళం. రెండో సగంలో ముస్లిం దంపతులు. ఆయనకి మార్కెట్ సందులో గిన్నెలకి కళాయి పూసే దుకాణం. ఆవిడని నేను వాళ్ళ మాటలో ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. రెండు వంటిళ్ళకీ మధ్య గోడ కప్పుదాకా వెళ్ళలేదు, మనిషెత్తున ఆగిపోయింది. వాళ్ళ చేపల వేపుడు మా అన్నంలోకి, మా ఇంగువ వాళ్ళ రొట్టెల్లోకి అడగకుండానే వచ్చేసేవి.

ఆ ఏడు వీధి వీధంతా ఆటలమ్మ. వేసవి సెలవులకి ముందే బడి మూసేశారు. మా ఐదేళ్ళ పిల్లకీ పోసింది. మా ఆయనకి పోర్టులో పని. ఇంట్లో అమ్మవారుంటే డ్యూటీకి రావద్దన్నారని మల్కాపురంలో స్నేహితుడి గదికి మకాం మార్చేశాడు. అక్కడ మెస్సు భోజనం బాగుందని కబురు కూడా పంపాడు. ఎంత మండిందో చెప్పలేను.

ఆయన వెళ్ళాడు, పల్లె నుంచి అత్త దిగింది. గుమ్మానికి వేపమండలు కట్టి శాసనాలు మొదలుపెట్టింది. సబ్బు ముట్టకూడదు. తల దువ్వకూడదు. ఇల్లు ఊడవకూడదు. పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చే ఎర్రటి ఖనిజం దుమ్ము నేలమీదా, పక్కలమీదా, పిల్ల పొక్కులమీదా పేరుకుపోతుంటే చూస్తూ కూర్చోవాలి. నా తల జిడ్డు కంపు నాకే వికారం. కొళాయి దగ్గరికి వెళ్తే ఆడవాళ్ళు చెంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని తప్పుకునేవారు. నిన్నటిదాకా నా దగ్గర చక్కెర అప్పడిగిన వాళ్ళే.

అన్నిటికన్నా పెద్ద శాసనం తాలింపు. నూనెలో ఆవాలు చిటపటలాడితే అమ్మవారికి ఆగ్రహమట. పూటపూటా ఉప్పు తగిలించిన ఉడుకు పప్పే. పిల్ల నోట్లో పెట్టుకోగానే ఉమ్మేసేది. దానికి చెప్పకుండా నేనూ ఉమ్మేసేదాన్ని.

ఇంతలో పిల్ల ఎడమ కంటిరెప్ప మీద పొక్కు లేచి కన్ను మూసుకుపోయింది. డాక్టరు చుక్కల మందిచ్చి, లోపలికి పాకకపోతే గండం గడిచినట్టే అన్నాడు. పాకుతుందో లేదో ఆయన చెప్పలేదు. అత్తకి మాత్రం అంతా తెలుసు.

"పోపు సప్పుడు ఇనబడితే అమ్మోరికి కోపమొత్తాది. కన్నట్టుకుపోద్ది," అంది.

"మనం ఎయ్యం, సరే. అటేపు ఆపా వాళ్ళు వేస్తే?"

అత్త గోడకేసి చూసి గొంతు తగ్గించింది. "ఆళ్ళకేటి తెలుత్తాది? ఆళ్ళ అమ్మోరా ఏటి? అడగొద్దు నువ్వు. అడిగితే కావాలని ఇంకో గరిటెడు ఏత్తారు."

ఆ మాటకి అసహ్యం వేసింది. నాకు ఆ నమ్మకాలు లేవు, చదువుకున్నదాన్ని. అయినా వంటవేళకి పిల్ల కన్నుకేసి చూస్తూ, చెవులు గోడకి అప్పగించి కూర్చునేదాన్ని. నా మీద నాకే రోత పుట్టేది.

చప్పుడు రాలేదు. ఆపా వాళ్ళాయన దగ్గు వినబడేది, ఆపా బకెట్టు వినబడేది. తాలింపు మాత్రం ఏ పూటా వినబడలేదు, వాసనా రాలేదు.

"సూసావా, అమ్మోరే ఆళ్ళ పొయ్యి ఆర్పేసింది," అని అత్త చెంపలేసుకుంది.

పొక్కులు మాడాయి. ఒక పొద్దున పిల్ల రెండు కళ్ళూ తెరిచి నన్ను చూసి, "అమ్మా, నీ తల నిండా దుమ్మే," అంది. ఆ దుమ్ము తలతోనే దాన్ని వాటేసుకుని ఏడ్చాను.

మూడోసారి వేపాకు పసుపునీళ్ళు పోశాక అత్త శాసనం ఎత్తేసింది. చారు కాచి, నూనెలో ఆవాలు వేశాను. చిటపటలాడాయో లేదో, గోడ అవతల నుంచి ఆపా గొంతు.

"ఏటి సెల్లీ, అయిపోయిందా? ఇంక మేవూ ఏసుకోవచ్చా?"

గరిటె పడేసి అటు పరిగెత్తాను. ఆపా కుడిచేతి నిండా పొక్కులు. "మీకూ పోసిందా?"

"అమ్మోరు కాదు, నూనె. ఇన్నాళ్ళూ దుకాణంలో కొలిమి మీద వండేను. తిత్తి ఊదితే మంట ఒక్కసారే లేత్తాది, మూకుడు కుదురుగా ఉండదు."

వాళ్ళాయన మంచం మీంచి అందుకున్నాడు. "కళాయి మందు నవాసాగరం పొగలో సేపల కూర! థూ! గిన్నెలకి పూసే కళాయి నా పేగులకి పూసింది."

"మీకెవరు చెప్పారు ఆపా?"

"మీ అత్త గుసగుస మార్కెట్టు దాకా ఇనబడుద్ది."

ఎంత కృతజ్ఞత కలిగిందో, అది చెప్పడం చేతకాక అంత కోపమూ వచ్చింది. "నాకే నమ్మకం లేదు కదా ఆపా! మీరెందుకు చెయ్యి కాల్చుకోవడం?"

"నాకు మాత్రం ఉందేటి?" అంది. "పిల్ల కన్ను గదా."

వాళ్ళ గుమ్మంలో అత్త ఎప్పుడొచ్చి నిలబడిందో తెలియదు. మా వంటింట్లోకి వెళ్ళి చారు గిన్నె తెచ్చి, వాళ్ళింట్లో అడుగుపెట్టి, తన చేత్తో ఆపా పొయ్యి పక్కన పెట్టి వచ్చింది.

పిల్ల ఒంటి మీద మచ్చలు వానాకాలానికల్లా మాసిపోయాయి. ఆపా చేతి మీదివి నేను చూసినన్నాళ్ళూ అలాగే ఉన్నాయి.